ఆమె విచారంగా ఉందా, ఆలోచిస్తోందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి: పెన్సిల్‌తోనో బొగ్గుతోనో గీసిన స్త్రీ ముఖచిత్రంలో భావాన్ని, ప్రతీకల్ని ఎలా చదవాలి? అందుకే ఈ సంచికలో పాఠకుల పేజీ మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: తల కొంచెం వంచి కిందికి చూస్తున్న ఒక యువతి పెన్సిల్ స్కెచ్ మీద మా మిత్రుల మధ్య వాదన జరిగింది. ఒకరు విచారం అన్నారు, ఇంకొకరు సిగ్గు అన్నారు, నాకేమో ఏదో చదువుకుంటున్నట్టు అనిపించింది. ముగ్గురిదీ ఒప్పేనా? తేల్చుకునే దారి ఉందా?

ముగ్గురిదీ ఒప్పే అంటే గొడవ తీరిపోతుంది గానీ, బొమ్మను చూసినట్టు మాత్రం కాదు. వాలిన రెప్పలు ఒంటరిగా ఏ భావాన్నీ చెప్పవు. చదువుతున్నా, కునుకు తీస్తున్నా, ఏడుపు ఆపుకుంటున్నా రెప్పలు వాలే ఉంటాయి. తేడా తెలిసేది కనుబొమల దగ్గర, అందులోనూ ముక్కు వైపు కొసల దగ్గర. దుఃఖంలో ఆ కొసలు పైకి లేస్తాయి, వాటి పైన నుదుటి మధ్యలో పొట్టి అడ్డ ముడతలు పడతాయి. చార్లెస్ డార్విన్ 1872లో ముఖభావాల మీద వేసిన పుస్తకంలో ఈ పని చేసే కండరాలకు దుఃఖ కండరాలనే పేరు పెట్టాడు. వీటిని కావాలని కదిలించగలిగేవాళ్లు తక్కువ కాబట్టి, నటించే విచారంలో నోరు వంగుతుంది గానీ కనుబొమలు కదలవు. ధ్యాస పెట్టి చదివేటప్పుడు ఇందుకు విరుద్ధం: కొసలు కిందికి దిగి ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, మధ్యలో నిలువు ముడత పడుతుంది. సిగ్గులో కనుబొమలకు పెద్దగా పని ఉండదు. తల పక్కకు తిరుగుతుంది, వస్తున్న నవ్వును ఆపుకోవడానికి పెదవులు బిగుసుకుంటాయి.

ఇప్పుడు మీ బొమ్మ మీద ఒక పరీక్ష చేయండి. తెల్లకాగితంతో ముక్కు కింది నుంచి కప్పేసి, కళ్లూ నుదురూ మాత్రమే చూసి ఒక్క మాట రాసుకోండి. తర్వాత పై సగం కప్పి నోరు, గడ్డం చూసి ఇంకో మాట రాయండి. మూడోసారి ముఖమంతా కప్పి మెడ, భుజాలు, చేతులు చూడండి. మూడు మాటలూ కలిస్తే మీ వాదన ముగిసినట్టే. కలవకపోతే కంగారు పడక్కర్లేదు. కళ్లలో దిగులు, పెదవుల మీద మర్యాద ఉన్న మనుషుల్ని రోజూ చూస్తూనే ఉంటాం. మంచి చిత్రకారులు పట్టుకునేది అలాంటి తేడానే. అప్పుడు 'విచారం' అని తీర్పు చెప్పకండి, 'కళ్లలో ఉన్నదాన్ని నోరు దాస్తోంది' అని రాయండి.

చదువుతోందన్న మీ అనుమానానికి వేరే పరీక్ష ఉంది. రెప్పల కింద కనుపాప కాస్తయినా కనిపిస్తుంటే, రెండు కళ్ల నుంచీ చూపు ఎటు పోతోందో గీతలు ఊహించుకోండి. చదివేవాళ్ల చూపులు దగ్గర్లోనే ఒక చోట కలుస్తాయి. ఆలోచనలో పడ్డవాళ్ల చూపులు కలవవు, దాదాపు సమాంతరంగా ఎటో వెళ్లిపోతాయి.

ఒక భావం పేరు చెప్పాలంటే బొమ్మలో కనీసం మూడు ఆధారాలు చూపించగలగాలి, మూడూ ముఖంలో ఒకే చోటివి కాకూడదు. ఇది శాస్త్రమేమీ కాదు, చేతికి వచ్చిన కొలత. రెండే దొరికితే 'అనిపిస్తోంది' అని రాయండి. ఒక్కటే దొరికితే ఊరుకోండి.

ప్రశ్న: స్త్రీ చేతిలో పువ్వు ఉంటే దాని అర్థం ఏమిటి? గులాబీ అంటే ప్రేమ, లిల్లీ అంటే పవిత్రత అని ఒక పట్టిక దొరికింది. నమ్మవచ్చా?

పట్టికను చివర్లో తెరవండి, మొదట్లో కాదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1633లో తనకు కాబోయే భార్య సాస్కియా బొమ్మను తోలుకాగితం మీద వెండి మొనతో, అంటే సన్నటి వెండి కడ్డీతో గీశాడు. వెండి మొన గీత చెరపడానికి లొంగదు, ఎంత నొక్కినా నల్లబడదు, కాబట్టి బొమ్మంతా సన్నగా, మెత్తగా ఉంటుంది. ఆమె తల మీద పూలు చుట్టిన వెడల్పాటి గడ్డి టోపీ, ఒక చేయి చెంప దగ్గర, రెండో చేతిలో పువ్వు. పట్టిక ప్రకారం పువ్వు ప్రేమ కావచ్చు, త్వరగా వాడిపోయే అందం కూడా కావచ్చు. రెండింట్లో ఏది? జవాబు బొమ్మ కిందే ఉంది. నిశ్చితార్థమైన మూడో రోజు, జూన్ 8న గీశానని రెంబ్రాంట్ స్వయంగా రాశాడు. అక్కడితో 'వాడిపోయే అందం' అన్న పాఠం పక్కకు తప్పుకుంటుంది.

ఇదే బొమ్మలో ఇంకో చిక్కు ఉంది. చెంపకు చేయి ఆనించి కూర్చోవడం యూరప్ చిత్రకళలో విషాదానికి చాలా పాత గుర్తు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన 'మెలంకోలియా'లో రెక్కల స్త్రీ అలాగే కూర్చుంటుంది. మరి సాస్కియా ఎందుకు విషాదంగా కనిపించదు? రెండు చేతుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. డ్యూరర్ స్త్రీది పిడికిలి, తల బరువంతా దాని మీదే ఉంది, ముఖం నీడలో మునిగి కళ్ల తెలుపు మాత్రం మెరుస్తోంది. సాస్కియా వేళ్లు విడివడి ఉన్నాయి, చెంపను ఊరికే తాకుతున్నాయి, చూపు మన మీద ఉంది, పెదవుల మీద నవ్వు తొంగిచూస్తోంది. భంగిమ ఒకటే అయినా ఒకచోట బరువు ఉంది, ఇంకోచోట లేదు. చేయి కనిపించగానే ముందు అడగాల్సింది 'ఇది దేనికి గుర్తు' అని కాదు, 'ఇది ఎంత బరువు మోస్తోంది' అని.

వస్తువు ప్రతీకా, ఊరికే అక్కడ ఉన్నదా అని తేల్చడానికి చిత్రకారుడు దాని మీద పెట్టిన శ్రమ చూడండి. రవికె, జుట్టు నాలుగు గీతల్లో తేల్చేసి, పువ్వు రేకులు మాత్రం ఒక్కొక్కటిగా గీశాడంటే అది ఊరికే ఉన్నది కాదు. తర్వాత చోటు: ముఖానికి దగ్గరగా, వెలుగులో, లేదా చూపు పోయే దారిలో ఉంటే బలం ఎక్కువ. వేళ్లు దాన్ని ఎలా పట్టుకున్నాయన్నది కూడా చూడాలి. గట్టిగా పట్టుకున్న పువ్వు, వేళ్ల మధ్య నుంచి జారుతున్న పువ్వు ఒకే అర్థం ఇవ్వవు.

కాగితం అంచులు కత్తిరించారేమో కూడా గమనించండి. లియోనార్డో డావిన్చీ 1500 ప్రాంతంలో గీసిన, ఇటలీలోని మాంటువా పాలకుడి భార్య ఇసబెల్లా దెస్తే పార్శ్వచిత్రం (పక్క నుంచి చూసిన ముఖం) పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దాని కింది భాగం కత్తిరించి ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న పాత నకలు చూస్తేనే తెలుస్తుంది, ఆమె వేలు ఒక పుస్తకం వైపు చూపిస్తోందని. పుస్తకం పోయాక మిగిలిన చేయి ఊరికే ఒద్దికగా పెట్టుకున్నట్టు కనిపిస్తుంది. చదువుకున్న స్త్రీ అన్న అర్థం కత్తెరతో పాటే పోయింది.

ప్రశ్న: ముఖం అంత శ్రద్ధగా గీసి, ఒళ్లంతా రెండు మూడు గీతల్లో వదిలేస్తారు. అస్తిత్వం కోల్పోవడానికి ప్రతీక అని ఒక వ్యాసంలో చదివాను.

తొంభై పాళ్లు అది అలవాటు, పద్ధతి. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ పెన్సిల్ ముఖచిత్రాలన్నీ దాదాపు ఇంతే: ముఖం సున్నితంగా నీడలతో, బట్టలు వట్టి గీతలతో. గీయించుకున్నవాళ్లు అస్తిత్వం కోల్పోయినవాళ్లు కారు, డబ్బిచ్చి గీయించుకున్నవాళ్లు. వదిలేసిన చోట అర్థం వెతకాలంటే, ఆ చిత్రకారుడు మిగతా బొమ్మల్లో అలా వదలడని ముందు చూపించాలి.

ప్రశ్న: ముసలమ్మ స్కెచ్‌లో ముడతలు, లోతైన కళ్లు చూడగానే దుఃఖం అనేస్తాం. అది సరైనదేనా?

ముడతలు వయసును చెబుతాయి. భావాన్ని చెప్పేది ముడత ఎటు లాగుతోందన్నది. నవ్వే అలవాటున్న ముఖంలో కంటి పక్క ముడతలు విసనకర్రలా విచ్చుకుంటాయి, దిగులు ముఖంలో పెదవి కొసల నుంచి గడ్డం వైపు జారుతాయి. వయసు వల్ల చర్మం జారడం వేరు, కండరం లాగడం వేరు. జారిన చర్మం రెండు వైపులా ఒకేలా వేలాడుతుంది. కండరం లాగినచోట గీత ఒక బిందువు నుంచి మొదలై బిగువుగా ఉంటుంది.

దీనికి డ్యూరర్ తన తల్లి బార్బరాను 1514లో బొగ్గుతో గీసిన బొమ్మను మించిన ఉదాహరణ దొరకదు. మెడ నరాలు తాళ్లలా తేలాయి, బుగ్గలు ఎముకకు అతుక్కున్నాయి, రెండు కళ్లూ చెరో వైపు చూస్తున్నాయి. పద్దెనిమిది మంది పిల్లల్ని కన్న ఒళ్లు అది. చూసినవాళ్లందరూ మృత్యువు కనిపిస్తోందంటారు. కానీ పైన ఉన్న రాతను జాగ్రత్తగా చూడండి. ఇది తన తల్లి అని, వయసు 63 అని బొగ్గుతో రాశాడు. ఆమె చనిపోయిన సంగతి సిరాతో, తర్వాత చేర్చాడు. గీసినది మార్చిలో, ఆమె పోయింది మే 16న. అంటే బొగ్గు పట్టుకున్న వేళ అతనికి కనిపిస్తున్నది బతికి ఉన్న తల్లి. మృత్యువును మనం సిరా నుంచి తెచ్చుకుని బొగ్గులో చూస్తున్నాం. ఆ ముఖంలోని నోటి గీతను విడిగా చూస్తే ఏడుపు లేదు, బిగువు ఉంది, ఓర్చుకున్న మనిషి నోరది.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న పాత స్కెచ్ గోధుమ రంగు సిరాతో ఉంది. కాగితం పసుపు, చెంప మీద నల్లటి మచ్చ. జ్ఞాపకాల బరువు, గాయం అని నేను రాసుకున్నాను.

రాసుకున్నది కొట్టేయకండి, ముందు రసాయనాలకు వాటా ఇచ్చి మిగిలింది ఉంచుకోండి. ఇనుప లవణాలు, మాచికాయ కలిపి చేసే పాత సిరా వేసిన కాసేపటికి నల్లబడుతుంది, కాలం గడిచేకొద్దీ గోధుమ అవుతుంది. కాగితం వెనక్కి తిప్పండి. గీతల జాడ వెనక గోధుమగా కనిపిస్తే, అంచుల వెంట కాగితం పొడిబారి ఉంటే చాలావరకు ఈ సిరానే. పొయ్యి మసి నుంచి తీసే బిస్టర్ అనే రంగు అయితే మొదటి నుంచీ గోధుమే, అప్పుడు రంగును చిత్రకారుడు ఎంచుకున్నాడని అనుకోవచ్చు. కాగితం పసుపుకు కారణం చెక్కగుజ్జులోని లిగ్నిన్, దాని మీద పడ్డ వెలుతురు. ఫ్రేము లోపల మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కింద దాగిన అంచు చూస్తే అసలు రంగుకు దగ్గరైనది దొరుకుతుంది. ఇక చెంప మీది నలుపు: వెలుగు చూపించడానికి సీసపు తెలుపు వేసి ఉంటే, గాలిలోని గంధకంతో కలిసి అది నల్లబడుతుంది. మీరు గాయమనుకున్నది ఒకప్పుడు ఆ ముఖంలోకెల్లా తెల్లటి మెరుపై ఉండవచ్చు. గోకకండి, తడి గుడ్డ తగిలించకండి.

గీతల వాలు గురించి కూడా ఒక మాట. షేడింగ్ గీతలు పైన ఎడమ నుంచి కింద కుడికి జారుతుంటే 'కుంగిపోతున్న మనసు' అని రాసేవాళ్లున్నారు. లియోనార్డో గీతలు చాలావరకు అటే జారతాయి, ఆయన ఎడమచేతి వాటం. అది మణికట్టు సంగతి.

ప్రశ్న: ముఖమే కనిపించని బొమ్మలో భావం ఎలా చదవాలి?

అలాంటి బొమ్మే సులువు, పెదవుల వంకతో మోసపోయే ప్రమాదం ఉండదు. విన్సెంట్ వాన్ గో 1882లో గీసిన 'సారో' (దుఃఖం) చూడండి. సియెన్ అనే స్త్రీ నగ్నంగా, తల చేతుల్లో దాచుకుని ముడుచుకుని కూర్చుంది. మెడ నుంచి నడుము దాకా వెన్ను ఒకే వంపు, గీత గట్టిగా, ఎక్కడా మెత్తబడకుండా నడుస్తుంది. శరీరం ముడుచుకుని లోపలి చోటును మూసేసింది. కాళ్ల ముందు నేల మీద మొలకలు. ఆ మొలకల్ని ఆశ అంటారు కొందరు. ఆమె అప్పటికి గర్భవతి కాబట్టి ఆ పాఠానికి ఆధారం ఉంది, అయితే వెన్ను వంపుకున్నంత బలం మొలకలకు లేదు.

ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా 1882, 1883ల్లో కాంటే క్రేయాన్ అనే నల్లటి కడ్డీతో గీసిన, తన తల్లి కుట్టుపని బొమ్మ దీనికి ఎదురు. అందులో అంచు గీతే లేదు, గరుకు కాగితం మీద నలుపు తెలుపుల మసక మాత్రమే. ఆమె కూడా వంగే ఉంది, కానీ ఆ వంపు పని వైపు, చేతుల వైపు తెరుచుకుని ఉంది. వంగిన ఒళ్లు కనిపిస్తే, ఆ వంపు దేని చుట్టూ ఉందో చూడండి. పని చుట్టూ అయితే ఏకాగ్రత. ఖాళీ చుట్టూ అయితేనే దుఃఖం.

ప్రశ్న: స్కెచ్‌లోని ఆమె కళ్లు నేనెటు వెళ్తే అటు తిరుగుతున్నాయి. ఏమిటిది?

బొమ్మ చదునుగా ఉండటమే కారణం. ఎదురుగా చూస్తున్నట్టు గీసిన కనుపాప పక్క నుంచి చూసినా కంటి మధ్యలోనే కనిపిస్తుంది. ప్రతీక ఏమీ లేదు.

ప్రశ్న: నేను ప్రశాంతంగా ఉన్న స్త్రీ ముఖం గీయాలనుకుంటాను. ప్రతిసారీ కోపంగానో, అలసటగానో వస్తుంది. తల ఎత్తు 12 సెంటీమీటర్లు పెట్టుకుని, 4బి పెన్సిల్‌తో గీస్తాను. పొరపాటు ఎక్కడ?

పొరపాటు మొదట పెన్సిల్‌లో ఉంది. 4బి మెత్తటి, ముదురు పెన్సిల్, మొదటి నుంచీ అదే అయితే ప్రతి గీతా అరుపే. 12 సెంటీమీటర్ల తల అంటే కంటి వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు. ఆ కొలతలో పెదవి కొస ఒక్క మిల్లీమీటరు దిగినా ముఖం మారిపోతుంది. 4బి మొన కొంచెం అరిగితే గీత వెడల్పే అంత ఉంటుంది. అంతకంటే గట్టిగా, లేతగా గీసే హెచ్‌బితో ఆకారం కట్టండి, 2బితో నీడలు వేయండి, 4బిని మూడు చోట్లకే దాచుకోండి: కంటి నడుమ నల్లటి చుక్క, పై రెప్ప గీత, పెదవుల మధ్య గీతలో నడిమి భాగం.

కోపం వస్తోందంటే కనుబొమల లోపలి కొసల్ని ముదురుగా మొదలుపెడుతున్నారు. నిజానికి అక్కడ వెంట్రుకలు పలచన, పైకి నిక్కి ఉంటాయి. నలుపు వంపు దగ్గర, అంటే లోపలి కొస నుంచి బయటికి మూడింట రెండు వంతుల దూరంలో ఉండాలి. రెండు కనుబొమల మధ్య నిలువు షేడింగ్ వేస్తే అది ముడతలా కనిపిస్తుంది. అక్కడ నీడ కావాలంటే ముక్కు వంపు వెంట అడ్డంగా, పలచగా వేయండి.

అలసట వస్తోందంటే కింది రెప్ప చూడండి. దాన్ని గీతగా గీసి ఉంటారు. కింది రెప్ప గీత కాదు, సన్నని అంచు, దాని మీద వెలుగు పడుతుంది. దాని కింద కొంచెం నీడ వేస్తే చాలు, అంచు దానంతట అదే తేలుతుంది. కనుపాప (కంటిలోని రంగు వలయం) కింద తెలుపు కనిపించినా అలసటే, పైన తెలుపు కనిపిస్తే బెదురు. పై రెప్ప కనుపాప పై అంచును కొద్దిగా కప్పాలి, కింది రెప్ప అడుగును తాకాలి. కంటి మెరుపు రెండు కళ్లలోనూ ఒకే వైపు, గుండుసూది తల అంత. ఒకటి ఎడమన, ఒకటి కుడిన పెడితే చూపు చెదురుతుంది, అసలు పెట్టకపోతే కళ్లు చచ్చిపోతాయి.

ముక్కు పక్క నుంచి పెదవి దాకా దిగే మడతను గీతగా గీయకండి. పదేళ్లు మీద పడతాయి, పైగా చిరాకు. హెచ్‌బితో ఒక పొర, వేలితో కాకుండా చుట్టిన కాగితంతో రుద్దండి. పెదవి కొసల్లో నల్లటి చుక్క పెట్టే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ చుక్క నోటిని బిగిస్తుంది. ప్రశాంతత కావాలంటే కొసలు పలచబడి చెంపలోకి కలిసిపోవాలి.

ఇప్పటికే గీసినదాన్ని చించేయక్కర్లేదు. పిండిలా మెత్తగా ఉండే నీడెడ్ ఎరేజర్ తీసుకుని, మొన చేసి, కనుబొమల లోపలి కొసల మీద, కింది రెప్పల మీద, పెదవి కొసల మీద ఒత్తి తీయండి. రుద్దితే కాగితం పీచు లేచి మళ్లీ పెన్సిల్ పట్టదు. తర్వాత బొమ్మను అద్దంలో చూడండి. ఒక కన్ను ఎత్తుగా ఉంటే నేరుగా చూసినప్పుడు కనిపించనిది అద్దంలో వెంటనే దొరుకుతుంది. సగం మందికి 'కోపం'గా వచ్చేది ఆ ఎత్తు తేడానే.

ప్రశ్న: పోటీకి పంపే స్కెచ్‌కు 'నిరీక్షణ' అని పేరు పెట్టాను. పేరు వల్ల బొమ్మను చదివే తీరు మారుతుందా?

బాగా మారుతుంది. పేరు చూసినవాళ్లు ఆమె చూపు తలుపు వైపు ఉందంటారు, తలుపు లేకపోయినా. పంపే ముందు పేరు దాచి ముగ్గురికి చూపించండి, ఎవరికీ పక్కవాళ్ల మాట వినబడకూడదు. ముగ్గురిలో ఒక్కరైనా ఎదురుచూపు అన్న మాటకు దగ్గరగా వస్తే పేరు ఉంచండి. ఎవరూ రాకపోతే పేరు బొమ్మ మీద బరువు వేస్తోందన్నమాట, మార్చడం మేలు.

పాత బొమ్మల విషయంలో పేరు ఎవరు పెట్టారో చూడండి. 'సారో' అన్న మాట వాన్ గో తన చేతితో బొమ్మ మీదే రాసుకున్నాడు, అది బొమ్మలో భాగం. కానీ పాత స్కెచ్‌లలో చాలావాటికి 'యువతి ముఖం', 'విచారంలో ఉన్న స్త్రీ' లాంటి పేర్లు తర్వాతి కాలంలో జాబితాలు రాసినవాళ్లు పెట్టినవి. అవి బొమ్మ కింద అచ్చులో ఉంటాయి, కాగితం మీద చేతిరాతలో ఉండవు.